శుక్రవారం గుంట

మూడోసారి కూడా ట్యాంకరు నిండుగానే తిరిగొచ్చింది. పాల వ్యాపారంలో వెళ్ళిన బండి ఖాళీగా రావాలి. నిండుగా వచ్చిందంటే చావు కబురు మోసుకొచ్చినట్టే. తెనాలి శివార్లలో మా చిల్లింగ్ సెంటర్ గేటు ముందు బండి ఆపి, డ్రైవరు కిందికి దిగకుండా స్టీరింగు వైపే చూస్తూ కూర్చున్నాడు. మూత తెరిస్తే పాలు పాలలాగే ఉన్నాయి. ఒక గిన్నెడు తీసి పొయ్యి మీద పెడితే పొంగు రాకముందే ముక్కలయ్యాయి.

ఆ గిన్నె దించకముందే కంపెనీ నుంచి ఫోను. అక్కడ కొనుగోళ్ళు చూసే జయకృష్ణ నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు. కానీ నా పాలు దించుకోవాలా వద్దా అన్నది అతని నోటిమాట.

"బసవేశ్వరరావు గారూ, గౌరవం ఉంది కాబట్టి ముందే చెప్తున్నా. ఇంకోసారి ఇలా వస్తే మీ పేరు కొట్టేస్తారు. నా చేతుల్లో ఉండదు."

"ఏదో పొరపాటండి, ఈ శనివారం కాస్త..."

"అదేనండి నేననేది. మూడూ శనివారాలే. మిగతా రోజులు అమృతం పంపిస్తారు, శనివారం మాత్రం విరిగిన పాలా?"

నాకున్న బేరం ఆ కంపెనీ ఒక్కటే. వేమూరు, రేపల్లె, బాపట్ల వైపు ఊళ్ళలో మా ఏజెంట్లు పొద్దునా సాయంత్రం గేదె పాలు పోయించుకుంటారు. మా వ్యాను క్యాన్లు తెస్తుంది. ఇక్కడ చల్లబరిచి, రోజూ పొద్దున్నే ట్యాంకరులో పంపుతాం. వాళ్ళు వద్దంటే ఇన్ని పాలు తెనాలిలో టీ బడ్డీలకు అమ్ముకోలేను. పాలు మినుములు కావు, ధర వచ్చేదాకా గోడౌనులో పెట్టి తాళం వేసుకోవడానికి. ఏ పూటకాపూట అమ్ముడవ్వాలి, లేకపోతే కాలువ పాలవ్వాలి.

ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ తులసి తేల్చేసింది. "శనివారమే విరుగుతున్నాయంటే ఇంకేం చెప్పాలండీ? ఆ శని దేవుడి చూపు పడింది. నువ్వులనూనె దీపం పెట్టించండి."

పెట్టించాను. నష్టం లేని ఖర్చు ఏదైనా పెడతాను నేను.

దానితోపాటు ఇంకో పని కూడా చేశాను. మా అన్నయ్య కూతురు సాహితి బాపట్లలో ఇంటినుంచే ఏదో కంపెనీకి పనిచేస్తుంది. సరుకు ఎక్కడ బయల్దేరి ఎక్కడ ఆగిందో లెక్కలన్నీ బొమ్మలుగా గీసి చూపడమే దాని ఉద్యోగం. ఆదివారం రమ్మన్నాను. ఏజెంట్లు ప్రతి పూటా ఫోనులో పంపే లెక్కలు నాలుగు నెలలవి దానికి అప్పజెప్పాను.

"ఇన్ని ఉంచుకుని ఇప్పటిదాకా ఏం చేశావ్ బాబాయ్?"

"చివర మొత్తం చూసుకునేవాణ్ణి."

"మొత్తం చూస్తే ఏం తెలుస్తుంది? ఒంట్లో బాగోక డాక్టరు దగ్గరికెళ్తే బరువు చూసి పంపించేస్తే ఊరుకుంటావా?"

"నీ తెలివి తర్వాత, ముందు బొమ్మ చూపించు."

మధ్యాహ్నానికి లాప్‌టాప్ నా వైపు తిప్పింది. మొదట మా దారులన్నీ వేసింది. తెనాలి నుంచి పొన్నూరు మీదుగా బాపట్ల, అక్కణ్ణుంచి కర్లపాలెం, చెరుకుపల్లి, రేపల్లె, మళ్ళీ భట్టిప్రోలు, వేమూరు మీదుగా తెనాలి. పాలు ఎక్కువొచ్చే చోట గీత లావుగా, తక్కువొచ్చే చోట సన్నగా. ఇరవై ఏళ్ళుగా తిరిగిన దారి ఒక పాములా నా కళ్ళ ముందు చుట్టుకుని పడుకుంది. దసరాకు ముందయితే అవి రెండు పాములు. బాపట్లకో వ్యాను, రేపల్లెకో వ్యాను వెళ్ళేవి. డీజిలు, డ్రైవరు జీతం లెక్కేసి, రెండో వ్యాను అమ్మేసి ఒక్క బండితోనే చుట్టి రమ్మన్నది నేనే. ఆ మిగులు చూసుకుని దసరాకి తులసికి గాజులు కూడా చేయించాను.

"శనివారం పాలు విరుగుతున్నాయంటే శుక్రవారం ఏదో జరుగుతోంది. శుక్రవారం సాయంత్రాలు మాత్రం చూపించు," అన్నాను.

"పొద్దుటివి కూడా పక్కన పెడతానుండు బాబాయ్, అప్పుడే సరిగ్గా..."

"పొద్దుటి పాలు పొద్దున్నే బండెక్కుతాయి, వాటితో ఏం పని? రాత్రంతా మన దగ్గరుండేవి సాయంత్రం పాలే. అవి చూపించు."

ఒక్కో కేంద్రానికి ఒక్కో రంగు గీత వేసింది. బాపట్ల వైపు గీతలన్నీ నిలకడగా ఉన్నాయి. రేపల్లె వైపు మాత్రం ప్రతి శుక్రవారం దగ్గరా గీతలన్నీ ఒక్కసారిగా కిందికి దిగి, శనివారం సాయంత్రానికి మళ్ళీ లేస్తున్నాయి. వారం వారం అక్కడే గుంట. దసరా తర్వాత చిన్నగా మొదలై, ఈ మూడు వారాలూ బాగా లోతైంది. అన్ని గీతలూ గుంటలో దిగుతుంటే ఒక్క ఎర్ర గీత మాత్రం తాడు కట్టినట్టు తిన్నగా పోతోంది.

"ఇదెవరిది?"

"యాకోబు అని ఉంది. రేపల్లె దాటాక కాలువ కట్ట మీద పేట."

నాకు లోపల ఒక రకమైన హాయి. పట్టేశాను అనుకున్నాను. బజారంతా పడిపోయినప్పుడు ఒక్కడి దగ్గర మాత్రం సరుకు తగ్గలేదంటే ఆ సరుకులో ఏదో కలిసిందని మా వ్యాపారంలో లెక్క. నీళ్ళు పోశాడు. విరక్కుండా సోడా కూడా కలిపి ఉంటాడు. అతని క్యాన్లతో కలిసి మిగతావీ చెడుతున్నాయి.

"బాబాయ్, బొమ్మ వంకర ఎక్కడుందో చూపిస్తుంది. ఎందుకుందో చెప్పదు. తొందరపడకు. నీళ్ళు కలిపితే వెన్న శాతం పడాలిగా, అతనిది పడలేదు."

"నువ్వు బొమ్మలు గియ్యి. మనుషుల్ని నేను చూసుకుంటా."

మర్నాడే రేపల్లె వెళ్ళాను. యాకోబు ఇంటి వరండాలోనే కేంద్రం. నన్ను చూసి కుర్చీ తుడిచి వేశాడు. నేను కూర్చోలేదు.

"శుక్రవారం అందరికీ పాలు తగ్గుతున్నాయి యాకోబూ. నీకు ఎందుకు తగ్గట్లేదు?"

"అందరికీ ఎందుకు తగ్గుతున్నాయో నాకేం తెలుస్తుందండి? మా పేటలో శుక్రవారమైనా సోమవారమైనా గేదెలు ఒకేలా ఇస్తాయండి."

"నీ గేదెలకు కుళాయి ఉందేమో."

పాలు పోయడానికొచ్చిన ఆడవాళ్ళు అక్కడే ఉన్నారు. ఒకామె చెంబు కింద పెట్టేసింది. యాకోబు నల్లటి మొహం ఇంకా నల్లబడింది. అతను అరవలేదు.

"ఆ మాట ఇంకోసారి అనకండి రావుగారండీ. అనుమానముంటే ఇక్కడే పరీక్ష చెయ్యండి."

పరీక్ష చేస్తే బాగుందని వస్తుంది, ఆ పూట కలపడు కదా అని నా లెక్క. వెన్న శాతం చూసే మిషన్ మాది. దాన్ని తీయించి వ్యానులో పెట్టించాను. కేంద్రం పేరున్న రేకు బోర్డు కూడా ఊడదీయించాను. బోర్డు తీస్తున్నప్పుడు యాకోబు మేకులు ఒక్కొక్కటీ ఏరి నా చేతికిచ్చాడు. "ఇవీ మీవేనండి" అన్నాడు.

ఆ శనివారం ట్యాంకరు మళ్ళీ నిండుగా తిరిగొచ్చింది.

అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. అంతకుముందు దొంగ దొరకలేదన్న కోపం ఉండేది. ఇప్పుడు దొంగను తీసేసినా దొంగతనం ఆగలేదు. కంపెనీకి వెళ్ళి జయకృష్ణ గది బయట బల్ల మీద పొద్దున్నుంచి కూర్చున్నాను. భోజనానికి వెళ్తూ కనబడి, తప్పించుకోలేక నిలబడ్డాడు.

"పెద్దవారు, ఇలా కూర్చుంటే నాకు ఇబ్బందండి."

"ఒక్క శనివారం ఇవ్వండి సార్. ఒక్కటే."

నా కొడుకు వయసు కుర్రాణ్ణి సార్ అనడం కొత్త కాదు. చేతులు జోడించడం కొత్త. అతను అటూ ఇటూ చూసి, "ఈ శనివారం ఒక్కటి. పాలు విరక్కూడదు, ట్యాంకరులో గీత కిందికి ఉండకూడదు. రెండిట్లో ఏది తేడా వచ్చినా ఇక ఫోన్ చెయ్యకండి," అన్నాడు. ట్యాంకరు లోపల కొలతబద్ద మీద ఒక గీత ఉంటుంది. అంతకు తక్కువ పాలకు బండి తిప్పడం వాళ్ళకు గిట్టుబాటు కాదు.

సాహితిని మళ్ళీ పిలిచాను. ఈసారి నేనేం చెప్పకుండానే పొద్దుటి గీతలు కూడా పక్కన వేసింది. రేపల్లె వైపు శుక్రవారం సాయంత్రం ఎంత గుంట పడిందో, శనివారం పొద్దున సరిగ్గా అంత గుట్ట లేచింది. ఎవరో గుంటలో మట్టి తీసి పక్కన పోసినట్టు.

"సాయంత్రం పాలు పొద్దున వస్తున్నాయి బాబాయ్. రాత్రంతా ఇళ్ళల్లో ఉండి, పొద్దుటి పాలల్లో కలిసి వస్తున్నాయి. కేంద్రంలో చూసేటప్పటికి బాగానే ఉంటాయి. దారిలో పులుస్తాయి."

"అన్ని ఊళ్ళవాళ్ళూ కూడబలుక్కున్నారా? నా మీద ఎవరో కుట్ర పన్నారు."

"ఇన్ని ఇళ్ళవాళ్ళు కూడబలుక్కుంటే నీ దాకా రాకుండా ఉంటుందా?"

ఏజెంట్లకు ఫోన్లు చేశాను. "శుక్రవారం కాస్త తక్కువేనండి మామూలుగా" అన్నారు, శుక్రవారానికి ఆ హక్కు పుట్టుకతో ఉన్నట్టు. ఎందుకని అడిగితే ఎవరూ తేల్చలేదు. వాళ్ళు దాస్తున్నారనుకున్నాను. దాచలేదు. అందరికీ తెలిసిన సంగతి నాకూ తెలిసే ఉంటుందనుకున్నారు.

గురువారం సాయంత్రం ఇంటి వరండాలో కూర్చున్నాను. లోపల తులసి దీపం వెలిగించి గంట కొట్టడం వినబడుతోంది. పక్కింటి శోభారాణి చిన్న గిన్నె పట్టుకుని వచ్చింది.

"అక్కా, కాస్త తోడు పెట్టవూ? మా ఇంట్లో పెరుగు మొత్తం అయిపోయింది."

తులసి గుమ్మంలోనే నిలబడిపోయింది. "దీపం పెట్టేశాక అడుగుతావేంటే? పావుగంట ముందు రాలేకపోయావా?"

"ఆఫీసు నుంచి ఇప్పుడేగా వచ్చాను."

"సరే, నువ్వు కాబట్టి. రేపు శుక్రవారం, రేపు మాత్రం చచ్చినా అడక్కు. దీపాలు పెట్టాక పాలూ పెరుగూ గడప దాటిస్తే లక్ష్మి కూడా వాటితోపాటే వెళ్ళిపోతుంది."

శోభారాణి నవ్వింది. నేను లేచి నిలబడ్డాను.

ఆ మాట పుట్టినప్పటినుంచి వింటున్నాను. మా అమ్మ అనేది, మా అత్తగారు అనేది. విని విని అది నా చెవుల్లో ఇంటి గోడలాంటిదైపోయింది, ఎదురుగా ఉన్నా కనబడదు. దసరాకు ముందు రేపల్లె వ్యాను ఐదింటికల్లా ఊళ్ళలో ఉండేది. ఇప్పుడు పొద్దుండగానే బాపట్ల చుట్టినా, ఇక్కడికి వచ్చేసరికి ఆరున్నర. ఐసు లేని క్యాన్లలో పాలు ఎక్కువసేపు ఆగవని, ఏజెంట్లు వ్యాను వేళను చూసుకుని కేంద్రం తెరుస్తారు. అంటే చలికాలం పొద్దు కుంకి, ప్రతి ఇంట్లో దీపం వెలిగాక. మిగతా రోజుల్లో గొణుక్కుంటూనైనా పోస్తారు. శుక్రవారం పొయ్యరు. నీళ్ళ కుండలో గిన్నె పెట్టి, తెల్లారాక రెండూ కలిపి తెస్తారు. యాకోబు పేటలో ఆ పట్టింపు లేదు. అందుకే అతని గీత తిన్నగా ఉంది. నేను పీకి పారేసింది ఆ ఒక్క గీతనే.

"ఏమైందండీ, అలా ఉన్నారు?" అంది తులసి.

"లక్ష్మి వెళ్ళకుండా మీరందరూ తలుపులేశారు. బయట ఉన్నది నేను."

ఆవిడకి అర్థం కాలేదు. చెప్పే ఓపిక నాకు లేదు.

శుక్రవారం పొద్దున్నే తెనాలి నిమ్మకాయల మార్కెట్టుకు పరుగెత్తాను. నేను అమ్మిన వ్యాను అక్కడ కాయల బస్తాలు మోస్తోంది. కొన్న వ్యాపారి నన్ను ఆకలిగా చూశాడు. అవసరంలో ఉన్నవాణ్ణి నేనెలా చూస్తానో అచ్చం అలాగే. అడిగిన అద్దె కాదనకుండా ఒప్పుకున్నాను. సాహితి బాపట్ల బండితో వెళ్ళింది. నేను రేపల్లె దారి పట్టాను. ఏజెంట్లందరికీ నాలుగింటికే తెరవమని చెప్పాను.

చెప్పడం వేరు, గేదెలు వినడం వేరు. అవి పొలాల నుంచి రాలేదు. వచ్చినవి ఆరు దాటాకే పాలివ్వడానికి అలవాటు పడిపోయాయి. మూడు నెలలు నేనే నేర్పాను. భట్టిప్రోలు దాటాక ఒక ఊళ్ళో ఏజెంటు కుర్చీలో ఒక్కడే ఉన్నాడు, ఎదురుగా సగం క్యాను. పడమట సూర్యుడు తాటిచెట్ల నడుముకు దిగిపోయాడు. ఇంటింటికీ నడిచాను. పుల్లమ్మ అనే పెద్దామె గుమ్మం కడిగి ముగ్గు వేసి, ప్రమిద చేతిలో పట్టుకుంది. పక్కనే పాల బిందె నిండుగా ఉంది.

"అక్కా, ఒక్క నిమిషం. పాలు పోసేశాక వెలిగించు."

"ఎవరయ్యా నువ్వు?"

"పాల బండి నాదేనక్కా."

"ఓహో, నువ్వేనా! సంధ్య వేళ సూర్యుణ్ణి ఆగమనేది నువ్వేనన్నమాట. ఇన్నాళ్ళూ చీకటి పడ్డాక బండి పంపి, ఇవాళ లక్ష్మిని గుమ్మంలో ఆగమంటావా?"

"తప్పు నాదేనక్కా. ఇవాళ పోయకపోతే ఇక బండే రాదు."

నా గొంతులో ఏం వినబడిందో, ప్రమిద గట్టు మీద పెట్టింది. "మోయి మరి," అంది. బిందె నేనే భుజానికెత్తుకున్నాను. వెనక నుంచి, "అమ్మాయిలూ, దీపాలు ఆపండే, పాలాయన ఏడ్చేట్టున్నాడు" అని వీధంతా వినబడేలా అరిచింది. కొన్ని గుమ్మాల్లో నవ్వులు. కొన్ని గుమ్మాల్లో అప్పటికే వెలుగు. వెలిగిన గుమ్మాల ముందు నేను ఆగలేదు. ఆ ఇళ్ళవాళ్ళతో ఒకటే చెప్పమన్నాను ఏజెంటుతో: రాత్రి పాలు తోడేసుకోండి, పొద్దున కలిపి తేవద్దు.

చివరికి కాలువ కట్టకు చేరేసరికి చీకటి పడింది. వ్యానులో క్యాన్లు లెక్క చూస్తే గీతకు చాలవు. అది నాకు ముందే తెలుసు. యాకోబు ఇంటి వరండాలో బోర్డు మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి. అతను గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. ఈసారి కుర్చీ వెయ్యలేదు.

"మిషన్ తెచ్చాను యాకోబూ."

"మా పాలు ఇప్పుడు వేరే బండికి పోతున్నాయండి."

"తెలుసు. అయినా వచ్చాను."

"నాకు మిషన్ అక్కర్లేదండి. ఆ రోజు ఎవరి ముందర అన్నారో, వాళ్ళ ముందర ఇంకో మాట అనండి. తర్వాత వాళ్ళిష్టం."

అతను కేకేస్తే ఆడవాళ్ళు వచ్చారు. ఆ రోజు చెంబు కింద పెట్టినామె ముందు నిలబడింది. ఐసు లేని క్యాన్లు ఎంతసేపు ఆగుతాయో నాకు తెలుసు. ఆ మాట అనకుండా ఆగితే ఏమవుతుందో కూడా తెలుసు.

"యాకోబు నీళ్ళు కలపలేదు. పాలు చెడింది నా బండి ఆలస్యం వల్ల. తెలియక నింద వేశాను."

"తెలియకా, తెలుసుకోకా?" అందామె.

"తెలుసుకోక."

తర్వాత ఒకామె లోపలికెళ్ళి బిందె తెచ్చింది. ఇంకొకామె తెచ్చింది. చెంబు ఆవిడ తేలేదు. "మాది ఆ బండికి మాటిచ్చాం" అని వెళ్ళిపోయింది. ఆమెతోపాటు కొందరు. మాట అన్నది నిలబెట్టుకునేవాళ్ళతోనే నాకు ఎప్పుడూ పని పడుతుంది, వాళ్ళు అవతలి పక్షాన ఉన్నప్పుడే.

శనివారం పొద్దున ట్యాంకరులో కొలతబద్ద ముంచాను. గీతకు రెండు వేళ్ళు తక్కువ. చిల్లింగ్ సెంటరు మూల ఒక డ్రమ్ములో నీళ్ళున్నాయి. వాటి వైపు చూశానని చెప్పడానికి సిగ్గు లేదు. ప్రతి వ్యాపారీ చూస్తాడు. మూత బిగించి బండిని పంపేశాను.

మధ్యాహ్నం దాకా ఫోను రాలేదు. వచ్చినప్పుడు తులసే ఎత్తి నా చెవి దగ్గర పెట్టింది.

"దించుకున్నామండి," అన్నాడు జయకృష్ణ. "పాలు బాగున్నాయి. గీత దాకా లేవు."

"అవునండి."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. "మా వాడు గీత మీదే ఉందని రాశాడు. వచ్చే వారం నేనే స్వయంగా చూస్తాను."

ఆదివారం సాహితి కొత్త బొమ్మ తెచ్చింది. అందులో నేను ఒకటి అదనంగా వేయించాను: ప్రతి రోజూ సూర్యుడు ఎన్నింటికి కుంకుతాడో ఆ గీత. దాని కింద మా రెండో వ్యాను రేపల్లె ఊళ్ళకు చేరే గీత. సంక్రాంతి దాకా ఆ రెంటి మధ్య సందు దారం దూరేంత. దారిలో ఒక రైల్వే గేటు పడితే చాలు, అది మూసుకుపోతుంది. యాకోబు ఎర్ర గీత మళ్ళీ మొదలైంది, మునుపటిలో సగం ఎత్తున.

"ఇప్పుడు బాగుంది కదా బాబాయ్. రెండో వ్యాను అద్దె కూడా కలిపి, నీకు మిగిలే లాభం గీత కూడా వెయ్యనా?"

వద్దన్నాను. అదెక్కడుంటుందో బొమ్మ లేకుండానే నాకు తెలుసు.